గోండులకు పట్టాలిప్పించిన హైమన్‌డార్ఫ్ గారు

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాయమన్నారు మన కార్యదర్శిగారు. రెవెన్యూలో గుమాస్తాగా పనిచేసిన నాకు వెంటనే తోచిన పేరు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ గారిది.

ఆయన 1909లో వియన్నాలో పుట్టారు. మానవశాస్త్రం చదివారు. 1939లో యుద్ధం మొదలయ్యేనాటికి మన దేశంలో ఉన్నారు. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండడంతో శత్రుదేశీయుడని ఆంక్షలు పెట్టి, హైదరాబాదు సంస్థానంలోనే ఉండనిచ్చారు. ఆ నిర్బంధమే మనకు మేలైంది. భార్య బెట్టీ గారితో కలిసి చెంచులు, కొండరెడ్లు, గోండుల మధ్య కాపురమున్నారు.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీము పోలీసు కాల్పుల్లో చనిపోయాక, ఆదిలాబాదు గోండులకు ఎందుకింత కడుపుమంట అన్నది సర్కారుకూ తెలుసుకోవలసి వచ్చింది. హైమన్‌డార్ఫ్ గారు ఊరూరా తిరిగి చూస్తే, కారణం కాగితాల్లోనే కనబడింది. గోండులు కొన్నేళ్లు దున్ని, సారం తగ్గాక కొన్నేళ్లు బీడుగా వదిలేవారు. ఆ బీళ్లను అడవిగా లెక్కకట్టి రిజర్వు హద్దులోకి కలిపేశారు. మిగిలిన భూమికి శిస్తు కట్టినా పట్టా లేదు, శివాయిజమాబందీ సాగే. అర్జీ రాసే చదువు బయటినుంచి వచ్చినవారికి ఉంది, పట్టా వారి పేరనే అయ్యేది. మన శాఖలో పనిచేసినవారికి ఈ తంతు వివరించనక్కరలేదు.

ఆయన నివేదికలు రాసి ఊరుకోలేదు. 1943లో మార్లవాయిలో గిరిజన ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం పెట్టించారు. నాగరి లిపిలో గోండీ వాచకాలు వచ్చాయి. తరువాత సర్కారుకు గిరిజన వ్యవహారాల సలహాదారయ్యారు. 1356 ఫస్లీలో, అంటే 1946లో, గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. ఆదిలాబాదు జిల్లాలో సుమారు 1,60,000 ఎకరాలు 11,000కు పైగా గిరిజన కుటుంబాలకు లావణి పట్టాలుగా దక్కాయి. ఒక తహసీలు రికార్డు గదిలో ఆ పాత పట్టాలు కొన్ని నేను చేత్తో తిప్పి చూశాను. పక్కనే పహాణీ తీస్తే అనుభవదారు కాలంలో వేరే పేర్లు! బాకీ కింద కొంత, కౌలు పేరుతో కొంత జారిపోయాయి.

లండన్‌లో ఆచార్యులుగా చేసి, 1970ల చివర ఆయన మళ్లీ వచ్చారు. అప్పటికి గిరిజనేతరులకు భూబదిలీని నిషేధించిన 1/70 చట్టం ఉంది, నేటికీ ఉంది. అయినా తానిప్పించిన భూములు చేతులు మారడం ఆయన కళ్లారా చూశారు. 1982లో వెలువరించిన పుస్తకంలో, ఏ మొహమాటమూ లేకుండా, అంతా రాసేశారు. మన శాఖకు అది చేదుగానే ఉంటుంది, కాని అబద్ధం కాదు.

బెట్టీ గారు 1987లో హైదరాబాదులో కన్నుమూశారు, ఆయన 1995లో లండన్‌లో. ఇద్దరి సమాధులూ మార్లవాయిలోనే పక్కపక్కన ఉన్నాయి. ఏటా జనవరిలో గోండులు అక్కడ చేరి వర్ధంతి జరుపుతారు.