బడిపంతులు.. ఫుట్‌బాల్‌ గురువు

హైదరాబాద్‌: ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌ ఖాతాలో ఉన్నవి రెండే స్వర్ణాలు. ఒకటి 1951లో దిల్లీలో, మరొకటి 1962లో జకార్తాలో వచ్చాయి. రెండుసార్లూ జట్టుకు శిక్షకుడు హైదరాబాదుకు చెందిన బడిపంతులు సయ్యద్‌ అబ్దుల్‌ రహీం.

1909 ఆగస్టు 17న జన్మించిన రహీం ఉస్మానియాలో చదువుతూ విశ్వవిద్యాలయ జట్టుకు ఆడారు. తరువాత కాచిగూడ, చాదర్‌ఘాట్‌ పాఠశాలల్లో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొందారు. 1943లో హైదరాబాద్‌ ఫుట్‌బాల్‌ సంఘం కార్యదర్శి అయ్యారు. ఆయన తీర్చిదిద్దిన సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్‌ కప్‌ను గెలుచుకుంది.

ఆయన శిక్షణలో బడి క్రమశిక్షణ కనిపించేది. బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలన్న నిబంధనతో పోటీలు పెట్టేవారు. బంతిని కాళ్ల మధ్య తిప్పుకోకుండా వెంటనే అందించే పోటీలు వేరుగా ఉండేవి. సికింద్రాబాద్‌ సమీపంలోని అమ్ముగూడకు చెందిన పేద కుర్రవాడు తులసీదాస్‌ బలరాంలో ప్రతిభను గుర్తించింది ఆయనే. సాధనకు వచ్చే దారి లేదంటే సైకిల్‌ అద్దెకు రూపాయి ఇచ్చేవారు. ఆ కుర్రవాడే తరువాత దేశంలోని మేటి ఫార్వర్డ్‌లలో ఒకడయ్యాడు.

ఓటమి కూడా రహీంకు పాఠమే. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో చాలామంది వట్టి కాళ్లతో ఆడిన మన జట్టు యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో చిత్తయింది. ఆ తరువాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. అక్కడ స్వర్ణం గెలిచిన హంగరీ తరహాలో మధ్య ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి జరిపి ఆడించే పద్ధతిని రహీం అనుసరించారు. 1956 మెల్‌బోర్న్‌లో భారత్‌ 4-2తో ఆస్ట్రేలియాను ఓడించి, చివరకు నాలుగో స్థానంలో నిలిచింది. నెవిల్‌ డిసౌజా ఆ మ్యాచ్‌లో మూడు గోల్స్‌ చేశారు.

జకార్తాకు వెళ్లేనాటికి రహీంను క్యాన్సర్‌ పీడిస్తోంది. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. థాయ్‌లాండ్‌పై మ్యాచ్‌లో రక్షణ శ్రేణికి మూలస్తంభమైన జర్నయిల్‌ సింగ్‌ తల పగిలి కుట్లు పడ్డాయి. మరో శిక్షకుడైతే ఆయనను పక్కన కూర్చోబెట్టేవారేమో. రహీం మాత్రం సెమీఫైనల్లో ఫార్వర్డ్‌గా దించారు. సాహసమే, కానీ ఫలించింది. అనారోగ్యంతో మ్యాచ్‌లకు దూరమైన పొడగరి గోల్‌కీపర్‌ పీటర్‌ తంగరాజ్‌ను ఫైనల్‌కు తిరిగి తీసుకున్నారు. అప్పటిదాకా ప్రద్యుత్‌ బర్మన్‌ చక్కగా ఆడుతున్నా కొరియన్ల ఎత్తు బంతులను ఎదుర్కోవడానికి తంగరాజ్‌ పొడవు అవసరమని భావించారు.

ఇజ్రాయెల్‌, తైవాన్‌లను క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి గురుదత్‌ సోంధీ తప్పుపట్టడంతో ఇండోనేసియా ప్రేక్షకులు మన జట్టుపై కోపంగా ఉన్నారు. సెప్టెంబరు 4న సుమారు లక్షమంది అరుపుల నడుమ ఫైనల్‌ జరిగింది. పి.కె.బెనర్జీ, జర్నయిల్‌ చెరో గోల్‌ చేశారు. తొలి మ్యాచ్‌లో ఓడించిన కొరియాపైనే భారత్‌ 2-1తో గెలిచింది.

స్వర్ణంతో తిరిగివచ్చిన రహీం మరో ఏడాది కూడా బతకలేదు. 1963 జూన్‌ 11న 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఉత్తమ శిక్షకులకిచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో గానీ మొదలుకాలేదు. ఆయన జీవితం ఆధారంగా హిందీలో మైదాన్‌ చిత్రం 2024లో విడుదలైంది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తరువాత భారత్‌కు దక్కింది 1970 బ్యాంకాక్‌ కాంస్యం ఒక్కటే. ఆ జట్టుకు సారథి హైదరాబాదీ సయ్యద్‌ నయీముద్దీన్‌. శిక్షకుల్లో ఒకరు రహీం శిష్యుడు పి.కె.బెనర్జీ.