భక్షక కణాల ద్రష్ట - మెచ్నికోవ్

కోటకు కావలి భటులు ఎంత అవసరమో శరీరానికి రక్షక కణాలు అంత అవసరం. శరీరంలో ప్రవేశించిన శత్రువును కణాలే చుట్టుముట్టి భక్షిస్తాయన్న సత్యాన్ని లోకానికి చాటిన మహనీయుడు ఇల్యా మెచ్నికోవ్.

ఆయన 1845లో నాటి రష్యా సామ్రాజ్యంలోని ఖార్కోవ్ ప్రాంతంలో జన్మించారు. నేడది ఉక్రెయిన్‌లో ఉన్నది. నాలుగేళ్ళ విశ్వవిద్యాలయ విద్యను రెండేళ్ళలోనే ముగించిన మేధావి ఆయన. పిన్న వయస్సులోనే ఒడెస్సాలో జంతుశాస్త్ర ఆచార్యులయ్యారు.

విద్య వరించినంతగా అదృష్టం ఆయనను వరించలేదు. మొదటి భార్య లుద్మీలా క్షయవ్యాధి పీడితురాలు. వివాహవేదిక వద్దకు ఆమెను కుర్చీలో మోసుకొని రావలసి వచ్చింది. ఆమెను బతికించుకోవడానికి ఆయన చేసిన ప్రయత్నాలన్నీ విఫలమై, 1873లో ఆమె కన్నుమూసింది. శోకభారంతో ఆయన ఆత్మహత్యకు ప్రయత్నించి, ప్రాణాలతో బయటపడ్డారు. 1875లో ఓల్గాను వివాహమాడారు. నాటి నుంచి ఆమె ఆయన జీవితానికి, పరిశోధనకు తోడుగా నిలిచింది.

1882లో ఒడెస్సా ఉద్యోగాన్ని వదలి, ఇటలీలోని మెస్సీనా నగరానికి చేరారు. ఒకనాడు కుటుంబసభ్యులందరూ సర్కస్ చూడబోగా, ఆయన ఒంటరిగా సూక్ష్మదర్శినిలో సముద్ర నక్షత్రపు డింభకాలను పరిశీలిస్తున్నారు. అద్దంవలె పారదర్శకమైన ఆ శరీరాలలో కొన్ని కణాలు సంచరిస్తున్నాయి. బయటి వస్తువేదైనా లోపలికి వస్తే ఈ కణాలు దానిని ఎదిరిస్తాయా అన్న ఆలోచన మెరిసింది. వెంటనే తోటలోని గులాబీ ముళ్ళను తెచ్చి డింభకాలలో గుచ్చారు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లవారి చూస్తే, ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి! వాటికే తరువాత ఫాగోసైట్లు, అనగా భక్షక కణాలు, అని పేరు వచ్చింది.

ఈ సిద్ధాంతాన్ని పలువురు పండితులు వ్యతిరేకించారు. రోగక్రిములను నశింపజేసేది రక్తద్రవంలోని పదార్థాలే గాని కణాలు కావని వారి వాదం. 1888లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో చేరిన మెచ్నికోవ్ ఏళ్ళ తరబడి ప్రయోగాలతోనే వారికి సమాధానం చెప్పారు. 1908లో నోబెల్ బహుమతిని ఆయనకు, రక్తద్రవ సిద్ధాంతానికి ప్రతినిధియైన పాల్ ఎర్లిక్‌కు కలిపి ఇచ్చారు. ఇరుపక్షాల వాదాలలోనూ సత్యమున్నదని కాలం నిరూపించింది. 1916లో ఆయన పారిస్‌లో పరమపదించారు.

ఆయన కనుగొన్న సత్యం ఆయనతో ముగియలేదు. కాన్సర్ కణితి పెరగాలంటే దానికి ప్రాణవాయువు, ఆహారం కావాలి. వాటిని తెచ్చే కొత్త రక్తనాళాలు లేనిదే కణితి కొద్ది మిల్లీమీటర్లకు మించి పెరగజాలదని 1971లో అమెరికా వైద్యుడు జుడా ఫోక్‌మన్ ప్రతిపాదించారు. మెచ్నికోవ్ మాక్రోఫేజ్‌లని పేరు పెట్టిన పెద్ద భక్షక కణాలు కణితిలోనూ చేరుతాయి. అవి కాన్సర్ కణాలను భక్షించగలవు. కాని కణితి ప్రభావానికి లోనైనప్పుడు, రక్తనాళాల పెరుగుదలకు తోడ్పడే పదార్థాలను అవే విడుదల చేస్తాయి. కోటను కాయవలసిన భటుడే శత్రువుకు దారి వేసినట్లు! ఆ భటుని తిరిగి మన పక్షానికి తెచ్చుకొనే మార్గాలను శాస్త్రజ్ఞులు అన్వేషిస్తున్నారు.

ప్రియమైన భార్యను వ్యాధి నుంచి కాపాడుకోలేకపోయిన వ్యక్తి, వ్యాధిని ఎదిరించే శక్తి శరీరంలోనే ఉన్నదని మానవజాతికి తెలియజేశారు. శోకాన్ని జయించి సత్యాన్వేషణకు అంకితమైన మెచ్నికోవ్ జీవితం విద్యార్థులకు ఆదర్శప్రాయం.