తప్పు ఎక్కడుందో చెప్పిన హామింగ్

స్కాలర్‌షిప్ విలువ ఏమిటో హాస్టల్ పిల్లలమైన మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒకసారి దరఖాస్తులో మా మిత్రుడి బ్యాంకు ఖాతా నంబరులో ఒక్క అంకె తప్పు పడింది. నెలల తరబడి డబ్బు రాలేదు. ఏదో తప్పు జరిగిందని తెలుసు గాని, అది ఎక్కడుందో తెలియక తిరిగాము. అందుకే రిచర్డ్ హామింగ్ జీవితం చదివినప్పుడు మాకు బాగా నచ్చింది.

హామింగ్ 1915 ఫిబ్రవరి 11న అమెరికాలోని చికాగోలో జన్మించారు. ఇంజనీరు కావాలని ఆయన కోరిక. కాని అవి ఆర్థిక మాంద్యం రోజులు. స్కాలర్‌షిప్ ఇస్తామన్నది చికాగో విశ్వవిద్యాలయం ఒక్కటే. అక్కడ ఇంజనీరింగ్ లేదు. నిరాశపడక గణితం చదివి 1937లో డిగ్రీ, 1942లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పొందారు. 1946లో బెల్ లేబొరేటరీస్‌లో చేరారు.

అక్కడి రిలే కంప్యూటరుకు శని, ఆదివారాల్లో చేయవలసిన లెక్కలు అప్పగించి ఇంటికి వెళ్లేవారు. లెక్కలో తప్పు దొర్లితే యంత్రం పసిగట్టేది. కాని సరిదిద్దడం చేతకాక, ఆ లెక్కను వదిలేసి తరువాతి దానికి పోయేది. సోమవారం వచ్చి చూస్తే పని జరిగి ఉండేది కాదు. తప్పు ఉందని గుర్తించే యంత్రం, అది ఎక్కడుందో ఎందుకు గుర్తించలేదని ఆయన ఆలోచించారు.

ఆ ఆలోచన ఫలితమే 1950లో ప్రచురించిన హామింగ్ కోడ్. కంప్యూటరులో సమాచారమంతా 0, 1 అనే బిట్లే. నాలుగు బిట్లకు మూడు కాపలా బిట్లు చేర్చి ఏడు చేశారు. కాపలా బిట్లు 1, 2, 4 స్థానాల్లో ఉంటాయి. ఒక్కొక్కటి కొన్ని స్థానాలను సరిచూస్తుంది. ఉదాహరణకు 1వ, 4వ కాపలాలు తప్పు చూపాయనుకోండి. 1, 4 కలిపితే 5. అంటే తప్పు ఐదో స్థానంలో ఉందన్నమాట! అక్కడ 0 ఉంటే 1గా, 1 ఉంటే 0గా మారిస్తే సరి. ఒక్క బిట్ చెడితేనే ఇది పనిచేస్తుంది. ఇంకొక బిట్ చేర్చితే రెండు బిట్లు చెడిన సంగతి కూడా తెలుస్తుంది, కాని సరిదిద్దలేము.

నేడు సర్వర్ల మెమరీలో ఇటువంటి కోడ్‌లు పనిచేస్తున్నాయి. అనేక డేటాబేస్‌లు ప్రతి పేజీకి ఒక చెక్‌సమ్ రాసుకుని, చదివేటప్పుడు మళ్లీ లెక్కగట్టి పోల్చుతాయి. తేడా వస్తే హెచ్చరిస్తాయి. చెక్‌సమ్ తప్పును చూపుతుందే గాని బాగుచేయదు. మంచి బ్యాకప్ నుండి మనిషే బాగుచేయాలి. హెచ్చరికను పట్టించుకోకపోతే చెడిన సమాచారమే బ్యాకప్‌లోకి కూడా చేరవచ్చు.

హామింగ్‌కు 1968లో ట్యూరింగ్ అవార్డు లభించింది. 1976 నుండి మాంటెరీలోని నేవల్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూలులో బోధించారు. 1998 జనవరి 7న మరణించారు.

మా మిత్రుడి నంబరు సరిచేశాక డబ్బు వచ్చింది. ఇప్పుడు హాస్టల్‌లో ఒకరు నింపిన దరఖాస్తును మరొకరు అంకె అంకె చదివి సరిచూస్తున్నాము. ఒకరికొకరం కాపలా బిట్లమయ్యాము.