పంక్తిలో కూర్చున్న మహర్షి

మా జాలరిపేటలో ఎవరికైనా కేన్సరని తెలిస్తే చాలు, పలకరించడానికొచ్చినవాళ్లు ముందు కంచం మీద పడతారు. చేప మానేయమనేది ఒకరు, ఉప్పూకారం మానమనేది ఇంకొకరు. పాపం, ఆ మనిషి తిండికి మొహం వాచిపోతుంది. అప్పుడల్లా నాకు రమణ మహర్షి గుర్తొస్తారు.

స్వాములకీ వంటింటికీ ఏం సంబంధం అనుకోకండి. 1879లో తిరుచ్చుళిలో పుట్టి, పదహారేళ్లకే, 1896లో, అరుణాచలం చేరిన ఆయన, ఆశ్రమం పెరిగాక కూడా ఏళ్ల తరబడి తెల్లవారకుండానే లేచి కూరలు తరిగారు, పచ్చళ్లు నూరారు. కిందపడ్డ గింజ కనిపిస్తే ఏరి దాచేవారు. తొక్కలు పశువులకి వెళ్లాల్సిందే. తెలుగు నేర్చుకుని ‘ఉపదేశసారం’ మన భాషలోనూ రాశారు. గుంటూరు జిల్లా నుంచి వెళ్లి అక్కడే ఉండిపోయిన సూరి నాగమ్మగారు సోదరుడికి రాసిన లేఖలు చదివితే, ఆ మనిషి మనింట్లో పెద్దాయనలాగే అనిపిస్తారు.

1949 ఫిబ్రవరిలో ఎడమ మోచేతి దగ్గర చిన్న కాయ లేస్తే కోసి తీశారు. వచ్చే నెలకే మళ్లీ లేచింది. సార్కోమా అన్నారు. ఆ ఒక్క ఏడాదిలోనే నాలుగు ఆపరేషన్లు, రేడియం వైద్యం. చెయ్యి తీసేస్తామంటే మాత్రం ఒప్పుకోలేదు. అది ఆయనకే చెల్లింది. పిల్లలూ సంసారాలూ ఉన్న మనం డాక్టరు మాట వినాల్సిందే. ఆయుర్వేదమనీ హోమియోపతీ అనీ ఎవరెవరో వస్తే, వాళ్ల మనసు నొప్పించకుండా అవీ చేయించుకున్నారు.

తిండి దగ్గర ఆయన పట్టు మొదట్నుంచీ ఒకటే. పంక్తిలో అందరికీ ఏదో తనకీ అదే. బలానికని తన ఒక్కరికే ఏదైనా తెస్తే, అంత మంచిదైతే అందరికీ పెట్టమనేవారు. రోగిని వేరే మూల కూర్చోబెట్టి చప్పిడి కూడు పెట్టే మన ఇళ్లలో ఈ సంగతి ఎవరికైనా తడుతుందా? వైద్యం జరిగేటప్పుడు ఒళ్లు తగ్గకూడదని డాక్టర్లే చెబుతున్నారు. పప్పూ, గుడ్డూ, బాగా ఉడికిన చేపా ఆ బలానికే. అరక్కపోయినా, డాక్టరు వద్దన్నా సరే, అది వేరు. ఎదురింటావిడ వద్దందని మాన్పించడం ఏం న్యాయం?

నొప్పి లేదని కాదు. అయినా ఆఖరిరోజు దాకా జనానికి దర్శనం ఆపనివ్వలేదు. వచ్చినవాళ్లు తిన్నారా లేదా అన్నదే ఆయన ధ్యాస. 1950 ఏప్రిల్ 14 రాత్రి కన్నుమూశారు. ఆ చివరి రోజుల్లోనే ఓసారి కప్పు మీద నెమలి అరుస్తుంటే, దానికి ఇంకా మేత పెట్టలేదా అని అడిగారట.