ఎల్లాప్రగడ సుబ్బారావు.. మన షుగర్ రిపోర్టు

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల్లో నైట్ షిఫ్టు చేసేవారు మీ ఇంట్లో ఉంటే ఈ చిక్కు మీకు తెలిసే ఉంటుంది. షుగర్ పరీక్షకు పరగడుపున రమ్మంటారు. తెల్లవారుజామున మూడింటికి క్యాంటీన్‌లో టీ, బిస్కెట్లు తీసుకున్న మనిషికి పొద్దున ఏడింటికి పరగడుపు ఎక్కడిది? అలాంటివారికి హెచ్‌బీఏ1సీ అనువుగా ఉంటుంది. తిన్నా, తినకపోయినా ఏ వేళనైనా రక్తం ఇవ్వొచ్చు. గడిచిన రెండు మూడు నెలల్లో షుగర్ సగటున ఎలా ఉందో ఆ ఒక్క అంకె చెబుతుంది. అయితే రక్తం బాగున్నప్పుడే ఆ అంకెను నమ్మొచ్చు. ఈ మెలిక అర్థం కావాలంటే మన భీమవరం డాక్టరు కథ తెలుసుకోవాలి. ఈ పరీక్షను ఆయన కనిపెట్టలేదు. కానీ దాన్ని సరిగ్గా చదవడానికి కావాల్సిన సంగతులు చాలావరకు ఆయన పనిలోనే ఉన్నాయి.

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. పేదరికం, తండ్రి అనారోగ్యం మధ్య చదువు కుంటుపడి, మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టి తెల్ల ప్రొఫెసరుకు కోపం తెప్పించారు. అందుకు ఎంబీబీఎస్ బదులు చిన్న డిగ్రీ చేతిలో పెట్టారు. అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. విరేచనాలతో మొదలై, తిన్నది ఒంటబట్టక, రక్తం పలచబడి మనిషి క్షీణించిపోయే జబ్బది. అదే జబ్బు తర్వాత ఆయనకూ వచ్చింది. ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నారు. ఆయన పరిశోధన వైపు మళ్లడానికి ఈ చావులే కారణమంటే తప్పు కాదు.

1922లో మామగారి సాయంతో, దాతల డబ్బుతో బోస్టన్ చేరారు. అమెరికాలో డాక్టరుగా పనిచేసే అర్హత లేదు. హార్వర్డ్‌లో పగలు చదువుకుంటూ, రాత్రిళ్లు ఆస్పత్రిలో పోర్టరుగా రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేశారు. నైట్ డ్యూటీ ఎలా ఉంటుందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రచురించారు. నమూనాలో రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఉన్నట్టు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా అది ప్రపంచంలోని ల్యాబుల్లో దశాబ్దాలపాటు నిలిచింది. ఆ కొలతే ఆయన్ను కండరాల్లోకి తీసుకెళ్లింది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. ఏటీపీ అంటే కణానికి చేతిఖర్చు డబ్బులాంటిది. మీరు తిన్న అన్నం గ్లూకోజుగా మారి, కణంలోకి వెళ్లి, చివరికి ఏటీపీ అయితేనే చెయ్యి కదులుతుంది. ఇన్సులిన్ చాలకపోయినా, దాని మాట కణాలు వినకపోయినా గ్లూకోజు లోపలికి సరిగా పోక రక్తంలోనే పోగవుతుంది. షుగర్ జబ్బంటే అదే.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల్లో రక్తహీనతను సరిచేసిన మందు అదే. సోదరులు పోయిన పాతికేళ్లకు చేతికొచ్చింది. ఫోలిక్ ఆమ్లానికి విరుగుడుగా పనిచేసే మెథోట్రెక్సేట్ కూడా ఆ ప్రయోగశాలదే. కీళ్లవాతానికి మీ ఇంట్లో పెద్దవారు వారానికోసారి మెథోట్రెక్సేట్, దానికి తోడు ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకుంటుంటే, రెండూ సుబ్బారావు చలవే. బోదకాలు నివారణకు ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర కూడా అక్కడి నుంచే వచ్చింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, నిద్రలోనే కన్నుమూశారు.

ఆయన పోయిన ఇరవై ఏళ్లకు, 1968లో, ఇరాన్ శాస్త్రవేత్త శామ్యూల్ రహ్‌బర్ షుగర్ రోగుల రక్తంలో ఒకరకం హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉండటం గమనించారు. రక్తంలో మిగిలిపోయిన గ్లూకోజు హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. ఒకసారి గట్టిగా అంటుకుంటే ఆ ఎర్ర రక్తకణం చనిపోయేదాకా వదలదు. కణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. నూటికి ఎంత హిమోగ్లోబిన్‌కు చక్కెర అంటిందో చెప్పేదే హెచ్‌బీఏ1సీ. 5.7 లోపు మామూలు. 5.7 నుంచి 6.4 వరకు ముందస్తు దశ. 6.5, ఆపైన షుగర్ కింద లెక్క. లక్షణాలేవీ లేకపోతే ఇంకో పరీక్షతో రూఢి చేసుకోవాలి. 7 అంటే సగటున 154 మిల్లీగ్రాములు, 8 అంటే 183. అంకెలో దాదాపు సగం వాటా చివరి నెలదే. కాబట్టి పరీక్షకు ముందు నాలుగు రోజులు స్వీట్లు మానేసి ల్యాబును మోసం చేయలేరు.

మెలిక ఇక్కడే ఉంది. ఫోలిక్ ఆమ్లం, బీ12, ఐరన్ తక్కువైతే కొత్త కణాలు సరిగా పుట్టవు. రక్తంలో పాతకణాల వాటా పెరుగుతుంది. పాతకణానికి చక్కెర అంటుకునేందుకు ఎక్కువ రోజులు దొరికినట్టే కదా. దాంతో షుగర్ పెరగకపోయినా అంకె పెరగొచ్చు. మందులు మొదలుపెట్టాక కొత్త కణాలు వచ్చి అదే అంకె దిగుతుంది. అది చూసి షుగర్ తగ్గిందని మురిసిపోతే పొరపాటే. రక్తస్రావమైనా, రక్తం ఎక్కించుకున్నా, గర్భంతో ఉన్నా అంకె ఉన్నదానికంటే తక్కువగా కనిపించొచ్చు. తలసీమియా, సికిల్ సెల్, ముదిరిన కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఈ పరీక్ష ఒక్కటే చాలదు. ఈ పరీక్ష రాయించుకునేటప్పుడు సీబీపీ కూడా రాయమని డాక్టరును అడగండి. ఖర్చు పెద్దగా ఉండదు.

ఇంకొక్క సంగతి. మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడేవారిలో బీ12 తగ్గొచ్చు. అరికాళ్లు మండితే షుగర్ వల్లేనని సరిపెట్టుకుంటాం. బీ12 లోపంతోనూ నరాలు అలాగే దెబ్బతింటాయి. అప్పుడు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వేసుకుంటే రక్తం బాగుపడి రిపోర్టు చక్కగా కనిపిస్తుంది, నరాలు మాత్రం లోలోపల పాడవుతూనే ఉంటాయి. సుబ్బారావు మందును డాక్టరు బీ12 చూశాకే వాడాలి. రక్తహీనతకు చికిత్స పూర్తయ్యాక మూడు నెలలు ఆగి మళ్లీ హెచ్‌బీఏ1సీ చేయించండి. ఆలోగా తిండికి ముందు, తిన్న రెండు గంటలకు వేలిరక్తంతో చూసిన అంకెలు పుస్తకంలో రాసుకోండి. నైట్ షిఫ్టువారైతే పక్కన ఆ రోజు షిఫ్టు కూడా రాస్తే డాక్టరుకు పని తేలికవుతుంది.