వెలుగును కొలిచిన పియర్ బుగే

ఫ్రాన్స్ సముద్రతీరంలో లె క్రువాజిక్ అనే చిన్న ఊరుంది. 1698లో పియర్ బుగే అక్కడే జన్మించారు. తండ్రి నావికులకు చదువు చెప్పే గురువు. 1714లో ఆ తండ్రి మరణించారు. అప్పటికి బుగే వయస్సు 16 ఏళ్లు, అంటే మనం టెన్త్ రిజల్ట్స్ కోసం ఎదురుచూసే వయస్సు. ఆయన తండ్రి ఉద్యోగానికే దరఖాస్తు పెట్టుకున్నారు. ఇంత చిన్నవాడికా అని పెద్దలు సందేహించినా, పరీక్షలో నెగ్గి గురువయ్యారు.

1735లో భూమి ఆకారాన్ని కొలిచే బృందంతో దక్షిణ అమెరికా వెళ్లి, కొండల్లో ఏళ్ల తరబడి కష్టపడ్డారు. ఆయన పేరు చెబితే చాలామందికి గుర్తొచ్చేది అదే. మాకు మాత్రం ఆయన కొవ్వొత్తులతో చేసిన పనే ఎక్కువ నచ్చింది.

కన్ను ఎంత చిన్న తేడాను పట్టగలదు? ఇదీ ఆయన ప్రశ్న. తెల్లని తెరకు ఒక అడుగు దూరంలో ఒక కొవ్వొత్తి, ఇంకా దూరంగా మరొకటి పెట్టారు. దూరపు కొవ్వొత్తి వెలుగుకు ఒక బద్దను అడ్డం పెడితే తెరపై నీడ పడుతుంది. ఆ కొవ్వొత్తిని వెనక్కి జరిపేకొద్దీ నీడ పలచబడి, సుమారు 8 అడుగుల దగ్గర కనిపించకుండా పోయింది. దూరం 8 రెట్లయితే వెలుగు 64వ వంతే అందుతుంది. అంతకంటే చిన్న తేడా ఆయన కంటికి ఆనలేదన్నమాట. కరెంటు పోయిన రాత్రి మనమూ చేసి చూడవచ్చు, వార్డెన్ గారు ఒప్పుకుంటే!

1758లో బుగే కన్నుమూశారు. ఈ ప్రయోగాలున్న గ్రంథాన్ని 1760లో మిత్రుడు లకాయ్ అచ్చు వేయించారు.

ఆ శక్తిని నేడు కాంట్రాస్ట్ సెన్సిటివిటీ అంటారు. దాన్ని చూడటానికి 1988లో పెల్లీ, రాబ్సన్ ఒక చార్టు తయారుచేశారు. అందులో అక్షరాలన్నీ ఒకే సైజు. కిందికి వెళ్లేకొద్దీ రంగు వెలిసిపోతుంది, ఒక్కో వరుసకు తేడా సగం తగ్గుతుంది. కొద్ది నిమిషాల్లో పరీక్ష ముగుస్తుంది. మామూలు చార్టులో చిన్న అక్షరాలు చదివేసినవారు కూడా ఇక్కడ ఆగిపోవచ్చు. శుక్లం మొదలైన కంటికి అలా జరుగుతుంది.

కంటి శిబిరాల్లో సాధారణంగా ఉండేది అక్షరాల సైజు చార్టే. అందుకే తమ్ముళ్లూ, అది చదివేసినా, వెలిసిన బోర్డు మీద సుద్ద రాత కనిపించకపోతే ఆ మాట డాక్టరు గారికి విడిగా చెప్పండి.