కలియుగ భీముడు: కోడి రామ్మూర్తి నాయుడు

మల్లవిద్యను అభిమానించేవారి మధ్య ఎన్నటికీ తెగని చర్చ ఒకటి ఉన్నది. ఒక యోధుని బలం పరాకాష్ఠకు చేరినది ఎప్పుడు? అమెరికా ముష్టియోధుడు జో లూయీ 1937 నుండి 1949 వరకు హెవీవెయిట్ విభాగంలో ప్రపంచ విజేతగా నిలిచి, ఆ స్థానాన్ని 25 సార్లు కాపాడుకొన్నాడు. 1936లో తనను ఓడించిన మాక్స్ ష్మెలింగ్‌ను 1938లో మొదటి రౌండులోనే నేలకూల్చిన నాటి లూయీ గొప్పవాడా? 1941లో బిల్లీ కాన్ చేతిలో ఓటమి అంచుదాకా వెళ్లి, 13వ రౌండులో గెలుపొందిన నాటి లూయీ గొప్పవాడా? ఎటు వాదించినా చూపడానికి తేదీలున్నాయి, ఫలితాలున్నాయి. తెలుగునాట ఇటువంటి ప్రశ్నకే తావిచ్చిన మహాబలుడు కోడి రామ్మూర్తి నాయుడు. అయితే ఆయన కీర్తికి ఆధారం పోటీల పట్టిక కాదు, బలప్రదర్శనలు. అందువల్ల ఆయన బలాన్ని కొలవడానికి ఆయన జీవితాన్నే పరిశీలించాలి.

రామ్మూర్తి నాయుడు 1882 ప్రాంతంలో ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో జన్మించారు. తండ్రి వెంకన్న నాయుడు. చిన్ననాటనే తల్లిని కోల్పోయిన ఆ బాలుడు విజయనగరంలో పోలీసు శాఖలో పనిచేస్తున్న పినతండ్రి నారాయణస్వామి నాయుడి ఇంట పెరిగారు. గురజాడ అప్పారావు, ఆదిభట్ల నారాయణదాసు వంటివారు మసలిన ఆ నగరంలో సాహిత్య సంగీతాలతో పాటు వ్యాయామ విద్యకు కూడా ఆదరణ ఉండేది. రామ్మూర్తికి పుస్తకాలకంటె కుస్తీ గోదాయే ప్రియమైనది. దండీలు, బస్కీలతో దేహాన్ని, ప్రాణాయామంతో శ్వాసను ఆయన సాధన చేశారు. ఇరవయ్యొక్క సంవత్సరాల వయస్సు నాటికే ఒకటిన్నర టన్నుల బరువును రొమ్ముపై మోయగలిగేవారని, తరువాత అది మూడు టన్నులకు పెరిగిందని ఆయన జీవితచరిత్రలు చెబుతున్నాయి.

ఆ పిమ్మట మద్రాసులోని సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరానికి తిరిగివచ్చి వ్యాయామోపాధ్యాయులయ్యారు. కాని పాఠశాల ఆవరణ ఆయన శక్తికి చాలలేదు. కొద్దికాలానికే సొంత సర్కస్ సంస్థను స్థాపించి దేశాటనకు బయలుదేరారు.

ఆ కాలం ఎటువంటిదో గమనించాలి. 1905లో బెంగాల్ విభజనతో స్వదేశీ ఉద్యమం రగుల్కొన్నది. భారతీయులు శరీర దారుఢ్యం లేనివారనే చిన్నచూపు పాలకులలో ఉండేది. ఆ రోజులలోనే ఐరోపా బలశాలి యూజిన్ శాండో మన దేశంలో పర్యటించి ప్రదర్శనలిచ్చాడు. అటువంటి వేళ ఒక భారతీయుడు గుండెకు చుట్టిన ఇనుప గొలుసును శ్వాస బిగించి తెంచుతుంటే, కదలబోయే మోటారు కార్లను తాళ్లతో పట్టి ఆపుతుంటే, చూచినవారికి అది కేవలం వినోదంగా తోచలేదు. తమ జాతికి పడిన అపవాదు కళ్లముందే తొలగిపోతున్నట్లు తోచింది. లోకమాన్య తిలక్ ఆయనను మెచ్చి మల్లమార్తాండ బిరుదుతో గౌరవించారు. మదనమోహన మాలవీయ విదేశాలలో ప్రదర్శనలివ్వవలసినదిగా ప్రోత్సహించారు. లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి దంపతుల ఎదుట ప్రదర్శనలిచ్చి ఇండియన్ హెర్క్యులిస్‌గా ప్రసిద్ధి పొందారని చెబుతారు. స్వదేశంలో ప్రజలు పెట్టుకొన్న పేరు కలియుగ భీముడు.

అన్నిటికంటె జనాన్ని ఆకట్టుకొన్నది ఏనుగు ప్రదర్శన. రామ్మూర్తి వెల్లకిల పడుకొనగా, ఆయన రొమ్ముపై పరచిన బల్లమీద ఏనుగు నిలిచేది. బల్ల వలన ఏనుగు బరువు ఒక్కచోట పడక పరచుకొంటుంది. కనుక ఇందులో ఉపాయమే ఎక్కువని సందేహించేవారు ఉండవచ్చు. ఉపాయం ఉన్నమాట నిజమే. కాని పరచుకొన్నంత మాత్రాన బరువు తరగదు. ఊపిరితిత్తులను గాలితో నింపి, పక్కటెముకల చుట్టూ ఉన్న కండరాలను బిగించి, ఏనుగు దిగేవరకు ఆ బిగువు సడలకుండా నిలుపుకోవాలి. ఒక్క నిట్టూర్పు ప్రాణాంతకం కాగలదు. కనుక ఆ బల్ల కింద పరీక్షకు నిలిచినది కండబలం మాత్రమే కాదు, శ్వాసపై ఆయన సాధించిన అదుపు.

శాకాహారియైన రామ్మూర్తి తన బలానికి మూలం ప్రాణాయామమేనని విశ్వసించారు. సర్కస్ వలన లక్షలు ఆర్జించి కూడా దాచుకొనక దానధర్మాలకు, దేశసేవకు వెచ్చించారు. చివరి దశలో సంపద కరిగిపోయింది. కాలిపై లేచిన రాచపుండు ముదిరి, కాలిని తొలగించక తప్పలేదు. ఆ శస్త్రచికిత్స వేళ ఆయన మత్తుమందు తీసుకొనక, ప్రాణాయామ బలంతోనే బాధను ఓర్చుకొన్నారని చెబుతారు. ఏనుగును మోసిన మనిషి ఒంటికాలితో ఒరిస్సాలోని బలంగీర్‌లో పట్నా సంస్థానాధీశుని ఆశ్రయంలో తుది రోజులు గడిపి, 1942 జనవరిలో కన్నుమూశారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి రావచ్చు. రామ్మూర్తి బలం పరాకాష్ఠకు చేరినది ఎప్పుడు? ఇరవైలలో, దేహం నిండు యౌవనంలో ఉన్నప్పుడని వ్యాయామశాస్త్రం తెలిసినవారు అనవచ్చు. వేలమంది ఎదుట ఏనుగును మోసిన సర్కస్ రోజులలోనని లోకం అంటుంది. కండబలమే కొలమానమైతే ఆ మాట కాదనలేము. కాని గొలుసును తెంచినదీ, ఏనుగును మోసినదీ ఆయన సాధించిన శ్వాసయే. చప్పట్లు లేని చోట, గెలుపు అనేదే లేని శస్త్రచికిత్స వేళ అక్కరకు వచ్చినదీ ఆ శ్వాసయే. దేహబలం వయస్సుతో వచ్చి వయస్సుతో పోతుంది. సాధన ఇచ్చిన నిగ్రహం మాత్రం దేహం ఓడినప్పుడు కూడా మనిషిని విడువలేదు. కనుక ఆయన జీవితంలో మిక్కిలి బలమైన ఘడియను ఏనుగు పాదం కింద మాత్రమే కాక, ఆ చికిత్స మంచంపై కూడా వెదకవలసి ఉంటుంది.

విశాఖపట్నం సముద్రతీరంలో ఆయన విగ్రహం నిలిచి ఉన్నది. శ్రీకాకుళంలోని క్రీడామైదానం ఆయన పేరుతో వ్యవహరింపబడుతున్నది. ఆ మైదానంలో ఉదయమే పరుగుతీసే యువకులు ఊపిరి సరిచేసుకొనే ప్రతిసారీ, తెలిసినా తెలియకపోయినా, రామ్మూర్తి నాయుడు నేర్చిన తొలి పాఠాన్నే అభ్యసిస్తున్నారు.